పెచ్చు లేని కప్పు

"ఇవాళ అమ్మాయి దగ్గర్నుంచి ఫోటో రాదేమోనండీ."

స్టవ్ వైపు తిరిగే ఆ మాట అందామె. పాలింకా పొంగలేదు, కిటికీ బయట సరిగ్గా తెల్లవారనూ లేదు. ఇంకా ఏమీ జరగలేదు. వెనకాల బల్ల దగ్గర కూర్చున్న భర్త పేపరు పేజీ తిప్పాడు.

"పొద్దున్నే మొదలెట్టావా?"

"మొన్న ఏడింటికి వచ్చింది. నిన్న ఏడుంబావుకి. ఇదివరకు ఆరున్నరకల్లా వచ్చేసేది కదా అని..."

"కాసేపు పడుకుందేమో. అందరూ నీలా కోడికంటే ముందు లేవాలా? నీ భయాలకి ఎవడైనా జీతమిచ్చుంటే ఈపాటికి మేడ కట్టేవాళ్ళం."

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. పక్కనే పిలిస్తే వినపడదు కానీ, కోడలు గొణిగిన మాట మాత్రం రెండు గోడల అవతల్నుంచైనా వినిపిస్తుంది ఆవిడకి. "దాని నోట ఒక్క మంచి మాట రాదురా. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే 'ఈ మెట్లు ఎవర్నో పడేస్తాయండీ' అంది, గుర్తుందా?"

గుర్తు లేకేం. పదకొండేళ్ళ తర్వాత ఆ మెట్ల మీదే అత్తగారి తుంటి విరిగింది. 'నువ్వు ముందే చెప్పావమ్మా' అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. 'అంతా దాని నోటి చలవే' అన్నవాళ్ళు మాత్రం ఇంటికి ఇద్దరు చొప్పున ఉన్నారు. ఆ రోజు నుంచీ అత్తగారిని లేపి కూర్చోబెట్టేదీ, స్నానం చేయించేదీ, దుప్పట్లు ఉతికేదీ ఆ నోరున్న మనిషే. అది మాత్రం ఎవరికీ గుర్తు రాదు. భయపడటం ఆమె తప్పు, భయపడిందే జరిగితే అదీ ఆమె తప్పే. జరక్కపోతే నవ్వులాట.

అత్తగారికి పల్చగా, చక్కెర లేకుండా. ఆయనకి చిక్కగా, రెండు చెంచాలు. రెండు స్టీలు గ్లాసులూ ఎవరివి వాళ్ళకి ఇచ్చేసి, తలుపున్న చిన్న అలమారలోంచి తన కెటిల్ తీసింది. తెల్లటి పింగాణీ, పొట్ట గుండ్రంగా, అంచున సన్నటి నీలం గీత. దానితో పాటు ఐదు కప్పులు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతల పట్టుకున్న వేళ్ళు ఇవతలికి కనిపించేంత పల్చన. వాళ్ళమ్మ ఒక అతిథిగృహంలో పాతికేళ్ళు గిన్నెలు కడిగింది. అది మూసేసిన రోజున జీతం బాకీ బదులు ఈ సెట్టు చేతిలో పెట్టారు. అమ్మ ఒక్కరోజు కూడా అందులో తాగలేదు. పాత బట్టల్లో చుట్టి, డబ్బాలో పెట్టి, కూతురికిచ్చేసి పోయింది. కూతురూ చాలా ఏళ్ళు ఆ డబ్బా విప్పలేదు. తన కూతురు రెండో క్లాసు చదివే రోజుల్లో ఒకసారి రెండు రోజులు మంచం దిగలేదు ఆమె. మూడోనాడు లేచి, ఎందుకనిపించిందో, ఆ డబ్బా దించి, ఒక కప్పు కడుక్కుని, ఇల్లు లేవకముందే ఒక్కతే కూర్చుని టీ తాగింది. తన చేతుల్లో తనకోసమే ఒక వస్తువు వెచ్చగా ఉండటం అదే మొదటిసారి. అప్పట్నుంచీ ఆ పది నిమిషాలు ఎవరికీ ఇవ్వలేదు.

"చుట్టాలొచ్చినా అందులో పెట్టదు, పెద్ద మహారాణి" అని అత్తగారు అంటూనే ఉంటుంది. అననీ.

పువ్వుల పిచ్చి మాత్రం కూతురు అంటించింది. కొడుకైనా కూతురైనా ఒక్కతే. పెళ్ళై నది అవతలి ఊరికి వెళ్ళేటప్పుడు ఆరు కప్పుల్లో ఒకటి తీసుకెళ్ళింది. "రోజూ ఇందులోనే తాగుతానమ్మా, నువ్వు పక్కనున్నట్టుంటుంది" అంది. వెళ్ళిన వారానికి ఒక ఫోటో పంపింది. ఆ కప్పు, అందులో చెంచాడు నీళ్ళు, ఒక తెల్ల చామంతి. అంతే. ఆమె ఆ ఫోటో ఎన్నిసార్లు చూసుకుందో. మర్నాడు తను కూడా ఫ్యాక్టరీ గోడ పక్కన రాలిన కాగితంపువ్వు ఒకటి తెచ్చి, కప్పులో వేసి, మూల పగిలిన ఫోనుతో తీసి పంపింది. "చీకటిగా ఉందమ్మా. కిటికీ పక్కన పెట్టు. వెలుతురు పక్కనుంచి పడాలి, ఎదురుగా కాదు" అని నేర్పింది కూతురు. ఏడో క్లాసు దాటని తల్లికి కూతురు చెప్పిన పాఠం. అలా మూడేళ్ళు. ఫోన్లో మాట్లాడాలంటే అటు ఎవరో, ఇటు ఎవరో ఉంటారు. ఏం తిన్నావు, ఏం వండావు, ఉంటాను మరి, అంతకుమించి మాట నడవదు. ఫోటో అలా కాదు. రేకు కింద నీడ పొడుగ్గా ఉంటే పెందరాళే లేచిందన్నమాట. కప్పు పక్కన బల్ల తుడవకుండా ఉంటే చిరాగ్గా ఉందన్నమాట. పువ్వు తాజాగా ఉంటే బయట కాస్త నడిచిందన్నమాట. అక్షరం రాయకుండానే ఉత్తరం.

ఏడూ పదికి ఫోను టింగుమంది.

"వచ్చిందా? ఇంక మా ప్రాణాలు తియ్యకు" అన్నాడు భర్త. ఆ గొంతులో విసుగు కంటే నిశ్చింత ఎక్కువుందని ఆమెకి అనిపించింది. ఆయనకెందుకంత నిశ్చింత?

తెల్ల చామంతి. కప్పు. కిటికీ వెలుతురు. గుండె మీంచి బరువు దిగింది. కప్పులో టీ పోసుకుని, ఒక గుక్క తాగి, ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ముందు పువ్వు, తర్వాత నీడ, తర్వాత కప్పు అంచు.

అంచు నున్నగా ఉంది.

కప్పు బల్ల మీద పెట్టేసింది. తొమ్మిది రోజుల కింద కూతురు రాసింది, 'అమ్మా, తిట్టకు. కప్పు సింకుకి తగిలి పెచ్చు ఊడింది. పిడి పక్కనే, బియ్యపుగింజంత.' ఆమె తిట్టలేదు. నీ చెయ్యి తెగలేదు కదా అనడిగింది. ఆ తర్వాత ఐదు రోజులూ కూతురు ఆ పెచ్చు కనపడేలాగే ఫోటో తీసింది, తప్పు ఒప్పుకున్న పిల్లలా. ఆ మీద మూడు రోజులు పెద్ద పెద్ద పువ్వులొచ్చి అంచుని కప్పేశాయి. ఇవాళ పువ్వు చిన్నది, అంచంతా బయటికుంది. పిడి పక్కన పెచ్చు లేదు.

పింగాణీకి పుండు మానదు కదా.

పైకి జరుపుకుంటూ వెళ్ళింది. వారాలు, నెలలు. వానల రోజుల్లోని ఒక ఫోటో దగ్గర వేలు ఆగింది. అదే చామంతి. ఎడమవైపు మూడో రేకుని పురుగు కొరికింది, నెలవంకలా. ఇవాళ్టి పువ్వుకీ ఎడమవైపు మూడో రేకుకి అదే నెలవంక. అప్పుడు పైనుంచి తీసింది, ఇది పక్కనుంచి. ఒకే రోజు తీసిన రెండు ఫోటోలు. ఒకటి అప్పుడొచ్చింది, రెండోది ఇవాళొచ్చింది.

"ఏమండీ, ఇది ఇవాళ తీసింది కాదు."

"ఏంటి?"

"కప్పుకి పెచ్చు లేదు."

"పెచ్చు లేదని ఏడ్చేవాళ్ళని మొదటిసారి చూస్తున్నా."

"పెచ్చు ఉండాలండీ! ఇది పాత ఫోటో. పాత ఫోటో ఎందుకు పంపుతుంది?"

"ఇంకో కప్పేమో."

"మిగతా ఐదూ ఇక్కడే ఉన్నాయి."

ఆయన పేపరు మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు. "కప్పు కప్పే, పువ్వు పువ్వే. నీకు పనిలేక..." అంటూ లేచి, ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. నాలుగు రోజులుగా బస్సుల షెడ్డుకి వెళ్ళడం లేదాయన, నడుం పట్టేసిందని. రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఆ నడుముకి ఆమే తైలం రాస్తోంది.

కూతురికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగింది. నిమిషానికి అల్లుడి నుంచి మెసేజీ. 'స్నానానికెళ్ళింది అత్తయ్యా. తర్వాత చేస్తుంది. అంతా బాగున్నాం.'

అడక్కుండా అంతా బాగున్నామనడం ఎందుకు?

"ఏమైందే?" లోపల్నుంచి అత్తగారు.

"ఏం లేదత్తయ్యా" అంది అలవాటుగా.

ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా అదే జవాబు. ఆయన ఉద్యోగం మూడు నెలలు ఆగిపోయినప్పుడూ ఏం లేదనే అన్నారు. రోజూ డబ్బా సర్దించుకుని వెళ్ళి పార్కులో తినొచ్చేవాడట. ఆమె తల్లి పోయినప్పుడు కూడా 'ఏం లేదు, కాస్త నలతగా ఉందట, బయల్దేరు' అన్నారు. అక్కడ వీధి మొదట్లో పలకరింపులకొచ్చేవాళ్ళకి వేసిన కుర్చీలు చూసి తెలుసుకుంది. ఈ 'ఏం లేదు' అనే మాట వెనక ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందని ఆమెకి నేర్పింది వాళ్ళే. నేర్పి, భయస్తురాలని పేరు పెట్టింది కూడా వాళ్ళే.

*

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెది ఆఖరి బల్ల. కుట్టు పూర్తయిన చొక్కాలు ఆమె ముందుకొచ్చి పడతాయి. కాలరు, భుజాలు, చేతులు, జేబు, గుండీలు, అంచు. కుట్టు తప్పినచోట, దారం వదులైనచోట, మరక ఉన్నచోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి పక్కన పడేయాలి. రోజుకి నాలుగొందల చొక్కాలు, నిలబడే. అందరూ ఆమెని బాణాలమ్మ అంటారు. గుండీలు కుట్టే ఆవిడ గుండీలక్క. లోపలికెళ్ళేముందు ఫోన్లు డబ్బాలో వేసి తాళం వేయించుకుంటారు, మళ్ళీ సాయంత్రం దాకా ముట్టుకోవడానికి లేదు.

ఇవాళ ఆ తాళం పడేదాకా ఆమె డబ్బా దగ్గరే నిలబడింది.

సూపర్‌వైజర్ కుర్రాడు పదింటికే వచ్చి నిలబడ్డాడు. "ఆంటీ, మధ్యాహ్నం లారీ వెళ్ళిపోవాలి. ఇవాళ కాస్త చూసీచూడనట్టు పోనివ్వండి."

"ఈ జేబు దారం రంగు వేరుగా ఉంది బాబూ."

"ఎవరు చూస్తారు ఆంటీ?"

"నేను చూశాగా."

"దారం దారమే కదా!" అనేసి వెళ్ళిపోయాడు.

కప్పు కప్పే. పువ్వు పువ్వే. దారం దారమే. ఆమె చేతులు చొక్కా మీద ఆగాయి. ఇరవయ్యేళ్ళుగా ఈ బల్ల దగ్గర ఆమెకి జీతమిస్తున్నది దేనికి? ఎక్కడో ఏదో తప్పు ఉండే ఉంటుందని అనుమానపడినందుకు. ప్రతి చొక్కానీ భయంగా చూసినందుకు. ఇక్కడ దానికి పేరు నైపుణ్యం, గోడ మీద ఆమె ఫోటో కూడా పెట్టారొక ఏడాది. ఇంటికెళ్తే అదే కన్ను, అదే బుర్ర, దానికి పేరు పిచ్చి.

గుండీలక్క చొక్కాల కట్ట తెచ్చి బల్ల మీద వేసింది. "ఏంటే బాణాలమ్మా, మొహం అలా వేలాడేశావు? మీ ఆయన నడుం నొప్పి నీకూ అంటుకుందా?"

"లేదక్కా, అమ్మాయి..."

"అన్నట్టు ఆ నడుం నొప్పి ఏం మందుకి తగ్గిందో చెప్పవే, మా ఆయనకీ రాస్తా. నిన్న నేను సెలవు పెట్టి దంతాల డాక్టరు దగ్గరికెళ్ళానా, బస్టాండులో మీ ఆయన బస్సు వెనక పరిగెత్తుతున్నాడు. అబ్బ, ఆ పరుగు చూస్తే నాకే కుళ్ళు పుట్టింది!"

"నిన్ననా? ఎన్నింటికి?"

"పొద్దున తొమ్మిదిన్నరకి."

"ఏ బస్సు?"

గుండీలక్క నవ్వు సగంలో ఆగింది. "నది అవతలి ఊరి బస్సేగా. మీ అమ్మాయి దగ్గరికనుకున్నా. నీకు... తెలీదా?"

నిన్న సాయంత్రం ఆ నడుముకి తైలం రాస్తుంటే 'ఇంకొంచెం కిందకి' అన్నాడు. గంటన్నర ప్రయాణం చేసి, కూతురున్న ఊరు వెళ్ళి, చూడాల్సిందేదో చూసి, ఆమె డ్యూటీ దిగేలోపు వచ్చి బోర్లా పడుకుని, ఇంకొంచెం కిందకి అన్నాడు. ఆమె చెవుల్లో మెషీన్ల హోరు ఒక్కసారి దూరమైపోయింది.

చేతిలో ఉన్న ఎర్ర బాణాల చీటీ అలాగే జేబులో పెట్టుకుని, అప్రాన్ విప్పి బల్ల మీద మడత పెట్టింది.

"ఎక్కడికి ఆంటీ? సగం రోజు జీతం పోతుంది!" సూపర్‌వైజర్ దూరం నుంచే అరిచాడు.

"పోనీ బాబూ. ఫోను డబ్బా తాళం తియ్యి."

*

ఇంటికొచ్చేసరికి భర్త బల్ల దగ్గరే ఉన్నాడు. ముందర ఫోను. ఆమెని చూసి చటుక్కున నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి చూస్తే నవ్వొచ్చింది ఆమెకి, ఏడుపు కూడా.

ఏమీ అడగలేదు. దారి పొడుగునా ఏమేమి అడగాలో, ఎలా అరవాలో అనుకుంటూనే వచ్చింది. అరిస్తే ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. 'చూశావా, అందుకే నీకు చెప్పంది' అంటారు. ఆమె కన్నీళ్ళే వాళ్ళకి సాక్ష్యం. అందుకని నీళ్ళు పెట్టింది. అలమారలోంచి కెటిల్ తీసింది. ఐదు కప్పులూ బల్ల మీద వరుసగా పెట్టింది, పిడులన్నీ ఒకేవైపు. రెంటిలో టీ పోసి ఒకటి ఆయన ముందుకి జరిపింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయనకి ఆ కప్పు అందడం అదే మొదటిసారి. ముట్టుకోడానికి జంకాడు.

తన ఫోనులో పొద్దుటి ఫోటో తెరిచి, జేబులోంచి చీటీ తీసి, ఒక ఎర్ర బాణం ఒలిచి, తెర మీద కప్పు పిడి పక్కన అంటించింది. నున్నగా ఉన్న ఆ అంచు వైపు బాణం చూపిస్తోంది. ఫోను తీసుకెళ్ళి ఆయన కప్పు పక్కన పెట్టింది.

"నిన్న బస్సందిందా?" అంది.

ఆయన బాణం వంక చూశాడు. కప్పు ఎత్తబోయి మళ్ళీ పెట్టేశాడు. అనుకోకూడనివన్నీ ఆ నిమిషంలో అనుకుందామె. పోయిందా? పోతే ఫోటోలు ఎందుకు పంపుతారు? నన్ను మెల్లిగా అలవాటు చేయడానికా? అయినా కదల్లేదు.

జవాబు లోపలి గదిలోంచి వచ్చింది.

"చెప్పెయ్యరా. ఇంకెన్నాళ్ళు దాస్తావు, అది పట్టేసిందిగా."

అంటే ఆవిడకీ తెలుసు. రెండు పూటలా తను స్నానం చేయించే మనిషికీ తెలుసు. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో తెలియనిది కన్నతల్లికి మాత్రమే.

"బాగానే ఉంది" అన్నాడాయన. "ఇప్పుడు బాగానే ఉంది. ఆసుపత్రిలో ఉంది. రెండో నెలట. గర్భం కడుపులో కాకుండా ట్యూబులో నిలిచిందట, అది పగిలింది. రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. రక్తం ఎక్కించారు. నేనొద్దనలేదు, అదే అంది. 'అమ్మకి చెప్పొద్దు, అమ్మ తట్టుకోలేదు, రోజూ ఒక ఫోటో మాత్రం పంపండి' అంది. అల్లుడు దాని ఫోన్లో ఏవుంటే అవి పంపుతున్నాడు. అతనికేం తెలుసు, కప్పు..."



మిగతా అందరి సంగతీ పక్కన పెట్టేయగలదామె, ముప్ఫై ఏళ్ళుగా పెట్టేస్తూనే ఉంది. కానీ అదే అంది. తన కూతురే అంది. బిడ్డ నిలిచిన సంగతి కూడా చెప్పలేదు. నెత్తురు పోతూ, స్ట్రెచర్ మీద పడుకుని, అమ్మకి చెప్పొద్దంది. ఎక్కడ నేర్చుకుంది ఇంత గట్టితనం?

ఎక్కడ నేర్చుకుందో గుర్తొచ్చింది. రెండో క్లాసు పిల్ల, స్కూలు సంచీ ఇంకా భుజానే ఉంది. మంచం పక్కన నిలబడి 'ఏమైందమ్మా?' అని అడిగింది. గోడవైపు తిరిగి పడుకున్న తల్లి 'ఏం లేదు' అంది.

ఆమె లేచి, సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుంది. కెటిల్ కడిగి, తుడిచి, ఆ బట్టల మధ్యలో పెట్టింది. ఒక కప్పు కూడా. "నేను కూడా వస్తా" అన్నాడు భర్త.

"మీరొస్తే మీ అమ్మకి ఎవరు చేస్తారు? ఆవిడకి పల్చగా, చక్కెర లేకుండా. నాలుగింటికి దుప్పటి మార్చాలి."

"నేనా?"

"నడుం తగ్గింది కదా."

అప్పుడు కూతురికి ఫోను చేసింది. అల్లుడు ఎత్తాడు. "అత్తయ్యా, అది నిద్ర..." అన్నాడు.

"నాకు తెలిసింది బాబూ. నీ తప్పేం లేదు. ఫోను దాని చెవి దగ్గర పెట్టు."

గుసగుసలు. మంచం ఇనుము కిర్రుమంది. తర్వాత ఊపిరి వినపడింది. ఆ ఊపిరిని ఆమె ఎన్ని ఊపిరుల్లోనైనా గుర్తుపడుతుంది.

"అమ్మా, నువ్వు భయపడకు, నాకేం..."

"ఆగు. ఆ మాట అనకు. ముందు నేను చెబుతా, విను. నువ్వు రెండో క్లాసులో ఉన్నప్పుడు నేను రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాను, గుర్తుందా? ఏమైందమ్మా అంటే ఏం లేదన్నాను. ఉంది. నీకొక తమ్ముడో చెల్లెలో ఉండాల్సింది. నాలుగో నెలలో పోయింది. చాలా నొప్పేసింది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, అడిగింది నువ్వొక్కదానివే. నీకూ చెప్పలేదు. అందుకే ఆ మూడోరోజు ఆ కప్పులు కిందికి దించుకున్నాను." ఇంకో చేత్తో సంచీ భుజానికి తగిలించుకుంది. "నాకు భయమే. పుట్టినప్పట్నుంచీ భయమే. భయపడుతూనే నిన్ను కన్నాను, భయపడుతూనే పెంచాను. భయపడుతూనే ఇప్పుడు బస్సెక్కుతున్నాను. నాకు భయమేస్తుందని నువ్వు దాచుకోవాల్సిన పనిలేదు. తెలియకపోవడమే నాకు తట్టుకోవడం రాదు. తెలిస్తే తట్టుకుంటాను. ఇప్పుడు నువ్వు చెప్పు. నొప్పిగా ఉందా?"

అటునుంచి ఏమీ లేదు. ఎవరో బండి తోసుకుంటూ వెళ్ళారు, చక్రాలు గీరుకుంటూ. ఎక్కడో ఒక తలుపు మూసుకుంది. భర్త బల్ల దగ్గర నిలబడే ఉన్నాడు, ఆయన ముందు కప్పులో టీ చల్లారిపోయింది. ఆమె ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. తెర మీద అంటించిన ఎర్ర బాణం బుగ్గకి గుచ్చుకుంటోంది. తొందరపెట్టలేదు. ఏమ్మా, ఏమ్మా అనలేదు. బతుకులో మొదటిసారి, ఏమవుతుందోనని ఊహించుకోకుండా, ఊరికే వింటూ నిలబడింది.

చాలాసేపటికి అటునుంచి జవాబొచ్చింది.

"ఉందమ్మా."